అమ్మమ్మగారి వెండిరూపాయి: మరల పరీక్షకు పంపవలెనా?

మన యిండ్లలో పసుపు కుంకుమల పెట్టెయందో, దేవుని పీఠము చెంతనో, పాత ట్రంకుపెట్టె యడుగుననో వెండిరూపాయి యొకటి యుండుట సర్వసాధారణము. పూర్వులు దానిని ధనముగానే కాక తూనికగా గూడ వాడుకొనిరి. ఏలయన ఆ రూపాయి సరిగా నొక తులము, అనగా 180 గ్రేనులు, నేటి లెక్కలో 11.66 గ్రాములు తూగును. మందులు నూరునపుడు "రూపాయెత్తు" వేయుమని చెప్పిన పెద్దలను మనలో ననేకులు చూచియే యుందురు. ఇప్పుడట్టి రూపాయిని కొందరు నిపుణులయొద్దకు బంపి, అది యెంత చక్కగా నిలిచియున్నదో అంకె వేయించుకొనుచున్నారు. దీనినే గ్రేడింగు అందురు. వచ్చిన యంకె మనసునకు నచ్చనిచో మరల పంపవలెనా, ఊరకుండవలెనా యను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్న మా గుమ్మము వరకు వచ్చిన విధమును, మేము తెలిసికొనిన సంగతులను సోదరీమణులతో జెప్పుకొనదలచితిమి.

తెనాలిలో మా పొరుగున నొక గృహిణి కలదు. ఆమెకు చెల్లె లొక్కతెయే. చెల్లెలు పెండ్లియైన పిమ్మట భర్తతో అమెరికాలో కాపురముండెను. వీరి యమ్మమ్మగారు 2008లో కాలము చేయుటకు ముందు, తన పెండ్లినాటి రూపాయలలో మిగిలిన రెంటిని మనుమరాండ్రకు చెరియొకటి యిచ్చెను. రెండును 1938వ సంవత్సరపువే. ఒకవైపున కిరీటము ధరించిన యారవ జార్జి తల. రెండవవైపున తీగెల నడుమ రూపాయి యను మాటయు సంవత్సరమును. ప్రక్కప్రక్కల నుంచిన నేది యెవరిదో చెప్ప నలవికాదు.

అక్కగారు తన రూపాయిని పూజాపీఠముపై నుంచుకొనెను. ఏటేట శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునాడు చింతపండుతోను, మెత్తని బూడిదతోను తళతళలాడునట్లు దానిని తోమి, కలశము చెంత నుంచి కుంకుమతో నర్చించెడిది. చెల్లెలు తన దానిని నూలుగుడ్డలో జుట్టి పుట్టింటి బీరువాలో విడిచిపోయెను. దాని నెవరును ముట్టలేదు. అది యేండ్లు గడచినకొలది నలుపెక్కి, అంచులయందు నీలిచాయ తిరిగెను.

2024వ సంవత్సరపు వేసవిలో చెల్లెలు వచ్చినప్పుడు అక్కగారి యనుమతితో రెండు రూపాయలను దనవెంట దీసికొనిపోయి, ఆ దేశమున నున్న యొక సంస్థకు బరీక్షకై పంపెను. కొన్ని నెలలకు ఫలితము వచ్చెను. బీరువాలో పడియున్న నల్లని రూపాయికి 62 అను నంకె లభించెను. పదునాఱేండ్లు పూజలందుకొనిన తెల్లని రూపాయికి అంకెయే రాలేదు. దాని చీటీపై "శుభ్రపరచబడినది" యను దోషము మాత్రము వ్రాయబడియుండెను.

అక్కగారి రూపాయి యెవరో బంధువులవెంట తిరిగి తెనాలికి వచ్చినది. ఆ ప్లాస్టికు పెట్టెను జేతబట్టుకొని యామె యొకనాటి సాయంకాలము మా యింటికి వచ్చెను.

"పిన్నిగారూ! మా మరిదిగారు ఈ పెట్టె పగులగొట్టి, రూపాయిని క్రొత్తదానివలె మరల పంపుదమనుచున్నారు. ఈసారి వేరొకరు చూచి మంచి యంకె వేయవచ్చునట. పంపుదునా?" అని యడిగెను.

"నీకు డబ్బుపైన దృష్టియా?" అంటిమి.

"డబ్బు కాదు. అమ్మమ్మకు చివరి నాలుగేండ్లును నేనే చేసితిని. ఆమె యిచ్చిన రూపాయికి ఏటేట పూజ చేసితిని. దానికి దోషము పట్టిరి. మరచిపోయి విడిచిన దానికి మన్నన దక్కినది" అని కొంచెముసేపు ఊరకుండి, మెల్లగా, "రెండును ఒక్క పోలికయే గదా. అక్కడ నవి తారుమారైనవేమో యని కూడ నున్నది. చెల్లెలు తెలిసి చేయునదికాదు. కాని మనసు నిలువకున్నది" అనెను.

అప్పుడు మాకు బోధపడినది. ఆమె అడుగుచున్నది నాణెమును గూర్చి మాత్రమే కాదు. రూపాయి వలన అక్కచెల్లెండ్ర నడుమ నొక సన్నని గీత పడబోవుచున్నది. కావున తొందరపడి సమాధానము చెప్పక, ముం దీ పరీక్ష యెట్టిదో యామెతో గలసి విచారించితిమి.

ఈ యంకెల పద్ధతి అమెరికాలో బుట్టినది. విలియమ్ షెల్డన్ అను నాతడు 1949లో ఆ దేశపు తొలినాటి రాగి సెంటులను గూర్చి గ్రంథము వ్రాయుచు, వాని స్థితిని 1 మొదలు 70 వరకు నంకెలతో దెలిపెను. అమెరికా నాణెశాస్త్ర సంఘమువారు 1977లో ప్రకటించిన ప్రమాణములతో నా పద్ధతి తమ దేశపు తక్కిన నాణెములకును వ్యాపించెను. ఐనను అమ్మువాడు హెచ్చంకెయు, కొనువాడు తక్కువంకెయు జెప్పుట మానలేదు. ఆ తగవు తీర్చుటకై మధ్యస్థసంస్థలు వెలసినవి. నేడు పేరుగాంచిన వానిలో పి.సి.జి.ఎస్. అనునది 1986లోను, ఎన్.జి.సి. అనునది 1987లోను నారంభమైనవి. ఇవి నాణెమును బరీక్షించి, అసలుదో నకిలీదో తేల్చి, అంకె వేసి, చీటీతో సహా గట్టి ప్లాస్టికు పెట్టెలో మూసి పంపును. నేడు మన దేశపు నాణెములకు గూడ నీ యంకెలనే వాడుచున్నారు.

60 మొదలు 70 వరకు గల యంకెలు టంకశాలనుండి వెలువడి చేతులు మారని నాణెములకు జెల్లును. 58 అనగా వాడుక జాడ మిక్కిలి స్వల్పముగా గలదని యర్థము. అంకె తగ్గినకొలది అరుగుదల హెచ్చని గ్రహించవలెను. ఇక గోకుట, తోముట, రంధ్రము చేయుట, కొక్కెమంటించుట మొదలగు దోషములు గల నాణెములకు సాధారణముగా అంకె వేయరు. దోషము పేరు మాత్రమే వ్రాయుదురు. చంద్రహారమునకో, పిల్లల మొలత్రాటికో కొక్కెము పోసి, పిమ్మట తీసివేసిన రూపాయలన్నియు నీ తరగతిలోనికే చేరును.

తోముట దోషమెట్లగునని అక్కగారడిగెను. మనము వెండిగిన్నెను దోమిన మెచ్చుకొందురు. రూపాయిని దోమిన నేల తప్పుపట్టవలెను? దీనికి గారణము కలదు. నాణెమును అచ్చుల నడుమ నుంచి మిక్కిలి బలముగా నదిమినప్పుడు లోహము నలువైపులకు జరుగును. ఆ జరుగుటలో దానిపై కంటికి గానరానంత సన్నని గీతలు నడుమనుండి యంచులకు బాఱును. క్రొత్త నాణెమును దీపముక్రింద నటునిటు త్రిప్పినప్పుడు బండిచక్రపు టాకులవలె వెలుగు తిరుగుటకు నా గీతలే కారణము. ఇదియే పుట్టుమెఱుగు. వెండి నల్లబడుట గాలిలోని గంధకపు సంబంధమువలన గలిగెడి పై పొర మాత్రమే. దాని క్రింద పుట్టుమెఱుగు నిలిచియుండవచ్చును. చింతపండులోని యామ్లము ఆ నల్లని పొరను గరిగించును. దానితోపాటు రూపాయి పైతలమును గూడ కొంత తినివేయును. బూడిదయో, ఇటుకపొడియో రుద్దినప్పుడు సన్నని గీతలు క్రొత్తవి పడును. అప్పుడు రూపాయి తెల్లగా మెఱయును గాని, ఆ మెఱుగు తోమినదే కాని పుట్టినది కాదు. పోయిన పుట్టుమెఱుగును మరల దెచ్చుట యెవరి తరమును గాదు.

ఈ మాటలు చెప్పిన పిమ్మట దీపము వెలిగించి, మా పిల్లవాని భూతద్దము తెచ్చి, ఆ పెట్టెను వెలుగున కేటవాలుగా బట్టి యామెకు జూపితిమి. రాజు బుగ్గపైన వెండ్రుకలవంటి గీతలు, ఒక వంకకు వాలినవి, తోమిన చేయి తిరిగినట్లే కనబడెను. ఆమె చాలసేపు చూచెను. పిమ్మట భూతద్దమును కొంచెము పైకి జరిపి, "ఇదేమి పిన్నిగారూ?" అనెను. కిరీటములోని మణుల సందులయందు, తోముగుడ్డ అందని గుంటలలో, ఎఱ్ఱని పొడి రవంత యంటుకొని యున్నది. కుంకుమ! బీరువాలో నున్న రూపాయికి కుంకుమ యెట్లు వచ్చును? రూపాయలు తారుమారు కాలేదు. "ఇది నాదే" నని యామె మెల్లగా ననెను. తరువాత చాలసేపు మాటలాడలేదు.

అంతట నామె మొదటి ప్రశ్నకు సమాధానము మాకు సులభమైనది. మరల పంపుట యెప్పుడు తగును, ఎప్పుడు తగదు అను విషయమును ఇచ్చట సోదరీమణుల కొఱకు విడమరచి వ్రాయుచున్నాము.

మొదటిది: చీటీపై సంవత్సరమో, టంకశాలయో తప్పుగా వ్రాయబడినచో తప్పక తిరిగి పంపవలెను. అది వ్రాతపొరపాటు, దిద్దించుకొనుట మన హక్కు.

రెండవది: దోషము తొలగింపదగినదైనచో పంపవచ్చును. మెత్తని వినైల్ సంచులలో నాణెములను జిరకాల ముంచిన, ఆ సంచినుండి యూరు పదార్థము వెండిపై పచ్చని జిగటగా నంటును. దానిని శుద్ధమైన ఎసిటోనులో ముంచి, రుద్దకుండ తీసివేయుదురు. క్రింది వెండి చెడకున్న యెడల, అట్లు బాగుచేసిన పిమ్మట మరల పంపిన ఫలముండవచ్చును. కాని ఎసిటోను త్వరగా మండునది గావున వంటయింటిలో దానిని ముట్టరాదు, తెలిసినవారిచేతనే చేయింపవలెను.

మూడవది: అంకె యొక్క మెట్టులో నున్నదని నిజముగా దోచినప్పుడు. పరీక్షించువారు మనుష్యులే, ఒక నాణెము రెండంకెల నడుమ నున్నప్పుడు ఒకనా డొకవైపునకును, మరియొకనాడు రెండవవైపునకును మొగ్గవచ్చును. కొన్ని నాణెములకు ఒక్క మెట్టు దాటిన ధర పలురెట్లు పెరుగును. 1884లో సాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రింపబడిన అమెరికా వెండిడాలరు దీనికి పేరొందిన నిదర్శనము. వాడినది సులభముగా దొరకును. వాడనిది మిక్కిలి యరుదు. అట్టి డాలరునకు 58 వచ్చినవారు 60 దాటునేమో యని యాశపడుట సహజమే.

కాని ఆశకును లెక్క యుండవలెను. ఉదాహరణమునకు, మన నాణెపు ధర యిప్పుడు 8,000 రూపాయలు, పై యంకె వచ్చినచో 12,000 అనుకొందము. లాభము 4,000. పరీక్షరుసుము, రాకపోకల తపాలా, భీమా అన్నియు గలిపి 3,500 అగుననుకొందము. అయిదుసార్లు పంపిన నొక్కసారి మాత్రమే యంకె పెరుగు నన్నచో, ఒక్కొక్కసారికి వచ్చు సగటు లాభము 800 మాత్రమే, ఖర్చు 3,500. అనగా పంపినప్పుడెల్ల 2,700 నష్టము. ఈ లెక్కన ధరల తేడా 17,500 దాటిననే పంపుట గిట్టును. ఇంటిఖర్చు వ్రాసికొను గృహిణికి ఈ కూడికతీసివేతలు క్రొత్తవి గావు.

పంపు విధములును వేరువేరుగా నున్నవి. పెట్టెతో సహా పునఃపరిశీలనకు బంపవచ్చును. పెట్టె పగులగొట్టి విడినాణెముగా బంపవచ్చును. వేరొక సంస్థకు బంపవచ్చును. పెట్టె పగులగొట్టుటలో మొదటి యంకెకు గల యాధారము పోవును. రెండవసారి అంతకంటె తక్కువ రావచ్చును, దోషమును బట్టవచ్చును, విప్పుటలోనే నాణెమునకు గాయము తగులవచ్చును. కావున నే సంస్థ నియమము లెట్టివో ముందు చదువక పెట్టెపై చేయి వేయరాదు.

నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది: తోమిన దోషమునకు మరల పంపుట వ్యర్థము. గీతలు పెట్టె మార్చినంత మాత్రమున మాయవు. ఒకవేళ ఎవరి కన్నైన గప్పి అంకె సంపాదించినను, రేపు దానిని గొన్నవారు మోసపోవుదురు. తెలిసియు దెలియనట్లు అమ్ముట మన యిండ్ల మర్యాద గాదు.

మరియొక సంగతి. 1972వ సంవత్సరపు పురావస్తువుల, కళాసంపదల చట్టము ననుసరించి నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువగును. దానిని కేంద్రప్రభుత్వముగాని, వారి యధికారము పొందినవారుగాని తప్ప నితరులు విదేశమునకు బంపరాదు. విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి బొమ్మలుగల వెండిరూపాయలన్నియు నిప్పటికే నూరేండ్లు దాటినవి. అయిదవ జార్జి రూపాయలు 1922తోనే యాగిపోయినవి. కావున అమెరికాలోని యబ్బాయికో, అమ్మాయికో అట్టివానిని సంచిలో వేసి పంపువారు చిక్కులలో బడుదురు. ఈ యక్కచెల్లెండ్రవి 1938 నాటివి గనుక 2024లో నా బాధ లేకపోయినది. 2038 వచ్చుసరికి వానికిని అదే నియమము వర్తించును.

వెండివిలువ మాత్రము తెలిసికొనవలెనన్న పరీక్షయే యక్కరలేదు. 1938, 1939 నాటి రూపాయిలో పండ్రెండుపాళ్లకు పదునొకండుపాళ్లు వెండి. అనగా సుమారు 10.7 గ్రాములు. 1940 మొదలు 1945 వరకు వచ్చిన వానిలో సగమే వెండి. అనగా సుమారు 5.8 గ్రాములు. నాటి వెండిధరతో హెచ్చించుకొనిన చాలును. 1939వ సంవత్సరపు రూపాయి మాత్రము అరుదైనది. అది దొరికినవారు తోమకుండ, తొందరపడి యమ్మకుండ, తెలిసినవారికి జూపుట మేలు. దానికి నకిలీలును కలవు.

ఇంటనున్న తక్కిన పాత నాణెములకు జేయవలసిన రక్ష చాల స్వల్పము. తోమవలదు. అంచులు పట్టుకొని యెత్తవలెను. ముఖముపై వ్రేలు మోపరాదు. వినైల్ సంచులు మాని, తేమలేని చోట, ఒకదాని కొకటి రాసికొనకుండ వేరువేరు కాగితపు పొట్లములలో నుంచవలెను. పూజకు వాడునది వేరు, దాచునది వేరు అని ముందే యేర్పరచుకొనిన, తరువాత నే చీటీయు మనలను నొప్పింపదు.

మా పొరుగామె మరల పంపలేదు. ఆ రాత్రియే చెల్లెలికి ఫోను చేసి, తన మనసులో మెదలిన యనుమానమును దాచకుండ చెప్పినదట. చెల్లెలు కొంచెము నొచ్చుకొని, పిమ్మట, "నా రూపాయి నీవు తీసికో అక్కా, నీది నాకిమ్ము" అనెనట. "వద్దు. అమ్మమ్మ నీకిచ్చినది నీకు, నాకిచ్చినది నాకు" అని యీమె బదులు చెప్పెనట.

శ్రావణమాసము రాగా ఆమె కుమారుడు జాగ్రత్తగా నా పెట్టెను విప్పియిచ్చెను. రూపాయి మరల కలశము చెంతకు జేరెను. ఈసారి చింతపండు లేదు, బూడిద లేదు. నీట గడిగి మెత్తని గుడ్డతో నద్దినది మాత్రమే. ఏలనని మే మడిగితిమి.

"కిరీటములో కుంకుమ యున్నది గదా పిన్నిగారూ! అందులో అమ్మమ్మ పెట్టినది కూడ నుండవచ్చును. దానిని పోగొట్టుట కిష్టములేదు" అనెను.

నాణెమున కంకె వేయువారు లోహపు ముఖమును జూచి వేయుదురు. అది వారి పని. వారు దానిని సరిగానే చేసిరి. ఆ రూపాయిని ఎవరిచ్చిరో, ఎవరు కాపాడిరో అను లెక్క ఇంటివారిది. ఈ రెండు లెక్కలను గలుపకుండ నుండగలిగినచో, మరల పంపవలెనా యను ప్రశ్నకు సమాధానము తోచుట కష్టము గాదని మా యభిప్రాయము.